గంజి పెట్టిన ఫిల్టరు

మా ఇంట్లో చేతి వాక్యూమ్ క్లీనరు ఫిల్టరు కడిగే పని నేను ఎవరికీ ఇవ్వను. పనిమనిషికి ఇవ్వను, మా ఆయనకు అసలే ఇవ్వను. ఆయన ఒకసారి సాయం చేద్దామనుకుని దాన్ని సబ్బునీళ్లలో నానబెట్టారు. ఆ రోజు సాయంత్రం దాకా మా ఇంట్లో మాటల్లేవు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వాళ్లందరికీ తెలుసు. గుప్పెట్లో ఇమిడే గుడ్డముక్క కోసం ఇంత రాద్ధాంతం ఏమిటో మాత్రం తెలియదు. తెలిసినవాళ్లు ముగ్గురే. నాన్న, అమ్మ, మా చెల్లి.

అప్పట్లో మేం కలకత్తాలోని ఏక్‌బాల్‌పూర్‌లో ఒక పాత ఇంటి కింది వాటాలో ఉండేవాళ్లం. రెండు గదులు, వంటకి వరండా, ఆరు కుటుంబాలకీ కలిపి ఒకే వాకిలి. నాన్నది మునిసిపాలిటీ నీటి పంపుల దగ్గర పని. తాతగారి కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేశాం కనుక నాన్న బెంగాలీ మాట్లాడితే బెంగాలీవాళ్లు కూడా ఆయనది ఏ ఊరని అడిగేవారు కాదు. తెలుగు మాత్రం తాతగారు రైల్లో వెంట తెచ్చుకున్న తెలుగే. దాన్నే అందరం ఇంట్లో వాడుకునేవాళ్లం. నాకు మాట్లాడటం వచ్చు కానీ చదవడం రాదు. స్కూల్లో చదివేది హిందీ, ఇంగ్లీషు, బెంగాలీ. తెలుగు అక్షరాలు నాన్న పాత క్యాలెండర్ మీద చూడటమే.

అమ్మది గంజి పని. ఆంధ్రా నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆఫీసర్ల భార్యలకి కలకత్తా చాకళ్లు పెట్టే గంజి నచ్చేది కాదు. నేత చీరలన్నీ అమ్మకి పంపేవారు. అమ్మ బియ్యం గంజిని పల్చటి గుడ్డలో మూడుసార్లు వడకట్టి, కాస్త నీలిమందు కలిపి, చీర ముంచి పిండి, నీడలో ఆరేసి, ఇంకా చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేసేది. అమ్మ పెట్టిన గంజికి కుచ్చిళ్లు సాయంత్రం దాకా చెక్కుచెదరవని ఆ అమ్మగార్లు చెప్పుకునేవారు. ఇంట్లోనూ అంతే. నాన్న ఖాకీ చొక్కా, మా స్కూలు గౌన్లు, దిండు గలీబులు, కిటికీ తెరలు, అన్నీ గంజి తాగాల్సిందే. నాన్న చొక్కా విప్పి నేలమీద పెడితే దానంతటదే డ్యూటీకి వెళ్లిపోతుందని చెల్లి అనేది. గంజి తగలని గుడ్డని అమ్మ గుడ్డగా లెక్కపెట్టేది కాదు.

చెల్లి నాకంటే ఏడేళ్లు చిన్న. మా వైపు అక్కని అప్ప అంటారు. అది రోజుకి వందసార్లు 'అప్పా' అని పిలిచేది, అందులో సగం ఊపిరి అందక మధ్యలోనే ఆగిపోయేవి. దానికి నాలుగో ఏట నుంచి ఉబ్బసం. మా వాకిట్లో అందరూ హాంపానీ అనేవారు. ఆసుపత్రిలో డాక్టరుబాబు ఇంజెక్షన్ ఇచ్చిన ప్రతిసారీ ఒకటే చెప్పేవాడు, ఇంట్లో దుమ్ము ఉండకూడదని. ఏక్‌బాల్‌పూర్‌లో దుమ్ము ఉండకూడదట! రేవు నుంచి ఖిదిర్‌పూర్ మీదుగా వచ్చే లారీలు మా సందు మొదట్లోనే మలుపు తిరిగేవి. ఒక లారీలో బొగ్గు, ఒక దాంట్లో గోధుమలు, ఇంకో దాంట్లో ఏముందో దేవుడికే తెలియాలి, అన్నీ కొంచెం కొంచెం మా కిటికీలోకి దింపి వెళ్లేవి. సాయంత్రం అయ్యేసరికి సందంతా బొగ్గు పొయ్యిలు రాజేసేవారు. ఎన్నికలు దగ్గరపడితే పార్టీ కుర్రాళ్లు గోడలమీద పాత రాతలు గీకి, సున్నం కొట్టి, కొత్త కొడవళ్లు గీసేవారు. ఆ గీకిన సున్నం కూడా మాకే.

అమ్మ రోజుకి రెండుసార్లు తడిగుడ్డతో తుడిచేది. మంచం కింద, పరుపు కుట్లలో, పెట్టెల మధ్య ఉన్న దుమ్ము తడిగుడ్డకి అందేది కాదు. చీపురు పడితే అది లేచి చెల్లి ముక్కులోకే వెళ్లేది.

నాన్న అక్కగారు, అంటే మా మేనత్త, టెక్కలి దగ్గర ఒక పల్లెలో ఉండేది. పిల్లల్లేరు. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. గుంటని నా దగ్గర ఒగ్గీయండి, ఇక్కడ గాలి బాగుంటాది అని ప్రతి ఉత్తరంలోనూ రాయించేది. నాన్న ఆ ఉత్తరాలు పైకి చదివి, మడిచి, అమ్మ ముఖం చూసేవాడు.

"నా గుంటని నేనెవులికీ ఇవ్వను" అనేది అమ్మ.

"ఇచ్చీడం ఏటే? బాగుండడానికి పంపడం."

"రెండూ ఒకటే."

ఆ ఏడు వానాకాలంలో చెల్లి రెండుసార్లు ఆసుపత్రిలో పడింది. రెండోసారి దాని గోళ్లు నీలంగా అయిపోవడం నేను కళ్లారా చూశాను. ఇంటికి వచ్చాక నాన్న గోడవైపు చూస్తూ చెప్పాడు. "ఈ సీతాకాలం సూద్దాం. మల్లీ ఆసుపత్రి ఎక్కించీ పని పడిందంటే మాత్రం మా అప్ప కాడికి పంపీడమే. ఇంక నువ్వేటీ అనకు." చెల్లి నన్ను పక్కకి లాగి, సీతాకాలం ఎన్ని రోజులుంటాది అప్పా అని అడిగింది.

సరిగ్గా అప్పుడే మా ఇంటికి తొండం వచ్చింది.

న్యూ ఆలీపూర్‌లో ఒక ఆఫీసరుగారి ఇంట్లో చీరలు ఇచ్చి వస్తుంటే ఆ ఇంటావిడ అమ్మ చేతిలో ఒక ఎర్ర ప్లాస్టిక్ మెషీన్ పెట్టింది. నేనూ వెంట ఉన్నాను. "ఇది దుమ్ము లాగడం మానేసిందమ్మా. పాత సామాన్లవాడికి వేసేద్దాం అంటున్నారు మావారు. మీ పిల్లలు ఆడుకుంటారేమో, పట్టుకెళ్లు" అంది. దాంతోపాటు సన్నటి పుస్తకం కూడా ఇచ్చింది, నలగకుండా, ఒక్క పేజీ కూడా తిప్పకుండా ఉన్న పుస్తకం.

నాకు ఆ వయసులో ఏది దొరికినా చదివే జబ్బు ఉండేది. ట్రామ్‌లో కూర్చుని ఆ పుస్తకం మొత్తం చదివేశాను. అందులో ఒక పేజీ అంతా ఫిల్టరు గురించే. మెషీన్ లోపల ఒక గిన్నె ఉంటుంది. గిన్నెలో గుడ్డ టోపీలాంటిది ఉంటుంది. గాలి ఆ గుడ్డలోంచి బయటికి పోతుంది, దుమ్ము గిన్నెలోనే ఉండిపోతుంది. ఆ గుడ్డని వారానికోసారి దులపాలి, చల్లటి నీళ్లలో కడగాలి, నీడలో ఒక రోజంతా ఆరబెట్టాలి, పూర్తిగా ఆరకుండా తిరిగి పెట్టకూడదు, చిరిగినా గట్టిపడినా కొత్తది మార్చాలి. ఇంటికి వెళ్లి మీట నొక్కి గిన్నె ఊడదీశాను. ఆ గుడ్డ అసలు కనబడలేదు. దాని చుట్టూ దుమ్ము మందంగా, బూడిదరంగు కంబళి ముక్కలా పేరుకుని ఉంది.

"అమ్మా, ఇది పాడవలేదు. దీన్ని పుట్టాక ఒక్కసారి కూడా కడగలేదు!" అని అరిచాను.

"అంతపెద్ద అమ్మగారు కడక్కపోడం ఏటి?" అని అమ్మ నమ్మలేదు.

చెల్లిని పక్కింట్లో కూర్చోబెట్టి, వాకిట్లో కుళాయి దగ్గర నేనూ అమ్మా దాన్ని కడిగాం. మొదటి బకెట్టు నీళ్లు నల్లగా దిగాయి. రెండోదీ నల్లగానే. అయిదో బకెట్టుకి గుడ్డ తెల్లగా బయటపడింది. ఆరడానికి ఒక రోజు. ఆ రోజంతా చెల్లి గంటకోసారి వెళ్లి దాన్ని వేలితో ముట్టుకుని, ఇంకా తడే అని ప్రకటించింది. మర్నాడు గుడ్డ తొడిగి ప్లగ్గు పెట్టేసరికి కరెంటు పోయింది. కలకత్తాలో అది మామూలే కానీ, ఆ రోజు మాత్రం కరెంటువాళ్లని మా అమ్మ తిట్టినట్టు ఎవరూ తిట్టి ఉండరు. రెండు గంటలకి వచ్చింది. మీట నొక్కాను. మెషీన్ గట్టిగా రొదపెట్టి, నేలమీది వార్తాపత్రికని లాగి పట్టుకుంది. వదలలేదు. చెల్లి మంచం మీద ఎగిరి గంతేసి "తొండం! తొండం!" అని అరిచింది. పేరు ఖాయమైపోయింది.

అమ్మ మర్నాడే దాన్ని సంచిలో పెట్టుకుని, అమ్మగారూ ఇది బాగుంది తీసుకోండి అని ఇచ్చేయడానికి వెళ్లింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ పగలబడి నవ్వి, కొత్తది కొనేశాంలే ఉంచుకోమందట. అమ్మ సంచితో తిరిగి వచ్చేదాకా మేమిద్దరం గుమ్మంలోనే నిలబడ్డాం.

ఆ తర్వాత వచ్చిన మూడు నెలలు మా ఇంట్లో అందరికంటే నేనే ఎక్కువ తలుచుకుంటాను. నిజానికి ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే మాకు పండగ. ప్రతి ఉదయం స్కూలుకి ముందు చెల్లి మంచం మీద కాళ్లు పైకి పెట్టుకుని మహారాణిలా కూర్చునేది. "అప్పా, అక్కడుంది. అటు కాదు, పెట్టి ఎనకాతల. నువ్వు సరిగ్గా సూడవు." నేను దాని మాట ప్రకారం పరుపు కుట్లలో, కిటికీ ఊచల్లో తొండం తిప్పేదాన్ని. ఆదివారం గిన్నె విప్పే రోజు. అది వాకిట్లో, చెల్లికి దూరంగా, గాలి వాలు చూసుకుని చేసేదాన్ని. చెల్లి గుమ్మంలో ముక్కుకి రుమాలు కట్టుకుని నిలబడి ఈ వారం ఏటి తినీసింది అని అడిగేది. నేను పుల్లతో కెలికి లెక్క చెప్పేదాన్ని. అమ్మ జడ వెంట్రుకలు, నాన్న బీడీ ముక్క, ఒక పూస, ఎప్పుడో పోయిన చెవిదిద్దు మర, బియ్యపు గింజ. బీడీ ముక్క దొరికిన రోజు నాన్నకి ఇంట్లో కోర్టు నడిచేది. జడ్జీ చెల్లే. నాన్న చేతులు కట్టుకుని నిలబడి, "తప్పయిపోనాది మా, ఒగ్గీ" అనేవాడు.

దుర్గాపూజ రోజులు గడిచాయి. కాళీపూజ టపాసుల పొగ కూడా గడిచింది. చెల్లికి కొంచెం పిల్లికూతలు వచ్చాయి కానీ ఆసుపత్రి దాకా పోలేదు. నాన్న మా మేనత్తకి ఉత్తరం రాయడం మానేశాడు. అమ్మ పని చేసుకుంటూ కూనిరాగం తీయడం ఆ రోజుల్లోనే విన్నాను, అంతకు ముందు లేదు.

తర్వాత నాకు పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. ట్యూషన్లు, ఆదివారాలు కూడా. ఒక ఆదివారం పొద్దున్నే పుస్తకాలు సర్దుకుంటూ అమ్మకి తొండం అప్పగించాను.

"ఏటేటి సేయాలో సెప్పు మరి" అంది అమ్మ.

"ఏముందమ్మా, గుడ్డ ఉతకడమే కదా. నీకు తెలీదా? ఉతికి నీడలో ఆరెయ్యి. బాగా ఆరాకే పెట్టు."

అంతే చెప్పాను. గుడ్డ ఉతకడం గురించి అమ్మకి పాఠం చెప్పడమేమిటనుకున్నాను.

అమ్మ ఆ గుడ్డని చేతిలోకి తీసుకుని వెలుతురుకి పట్టి చూసిందట. నేత వదులుగా కనిపించిందట. ఇంత సన్నపు దుమ్ము ఈ కంతల్లోంచి దాటకుండా ఉంటుందా అని ఆలోచించింది. గంజి పెడితే దారాలు బిగుస్తాయి, దుమ్ము దాటదు. ముప్పయ్యేళ్లుగా చేస్తున్న పని, తప్పెలా అవుతుంది? చీరలకి పెట్టే గంజిలోంచే ఒక గరిటె తీసి, ఇంకోసారి వడకట్టి, ఆ గుడ్డకి పెట్టింది. నీడలో ఆరేసింది. గిన్నెలో తొడిగింది. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ అలాగే చేసింది. చెల్లి కోసమని మంచి పాత బియ్యం గంజి పెట్టింది. గంజి పెట్టకూడదని ఆ పుస్తకంలోనూ లేదు. రాసినవాడికి అలాంటి ఆలోచన వచ్చి ఉండదు.

జనవరిలో చెల్లికి దగ్గు మొదలైంది. చలి అనుకున్నాం. దూది రజాయిలు కుట్టే దూదేకులవాడు వాకిట్లో కూర్చుని విల్లు టంగు టంగుమని మోగిస్తూ దూది ఏకుతుంటే, అమ్మ బయటికి వచ్చి "దాదా, బాచ్చార్ హాంపానీ, అన్యో కొథావొ జాన్" అని, పిల్లకి ఉబ్బసం, ఇంకెక్కడికైనా వెళ్లమని దణ్ణం పెట్టి పంపించేసింది. అయినా దగ్గు తగ్గలేదు. రాత్రిపూట కాదు, పొద్దున్న మంచం మీద తొండం పట్టాకే ఎక్కువయ్యేది. అది చూసి కూడా నాకు అనుమానం రాలేదు. దుమ్ము ఇంకా ఉందనుకుని అమ్మ రోజుకి రెండుసార్లు తొండం పట్టడం మొదలుపెట్టింది. మెషీన్ రొద మారిందని నేను గమనించాను. సన్నగా, పళ్లు నూరుతున్నట్టుగా ఉంది. పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకున్నాను. అప్పటికి నా తల నిండా లెక్కలూ భూగోళమూ.

ఫిబ్రవరిలో ఒక ఉదయం, అమ్మ పరుపు శుభ్రం చేస్తుండగానే, చెల్లి గోడ పట్టుకుని కిందికి జారిపోయింది. నాన్న డ్యూటీకి వెళ్లిపోయాడు. నేనూ అమ్మా రిక్షాలో దాన్ని ఒళ్లో పెట్టుకుని పరిగెత్తించాం. అది నన్ను చూసి 'అప్పా' అనబోయి, పెదవులు మాత్రం కదిపింది. ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం పెట్టారు. మధ్యాహ్నానికి ఊపిరి నిమ్మళించింది. అమ్మని అక్కడే ఉంచి, బట్టలు తేవడానికి నేను ఇంటికి వచ్చాను.

మంచం మీద తొండం అలాగే పడి ఉంది. ఎందుకో చేతిలోకి తీసుకుని గిన్నె విప్పాను. పులిసిన గంజి వాసన కొట్టింది. ఫిల్టరు అట్టలా బిగుసుకుపోయి ఉంది. దాని మీద నల్లటి బూజు చుక్కలు. వేలితో నొక్కితే తెల్లటి పొడి రాలింది. గాలి ఆ గుడ్డలోంచి పోలేక, అంచుల పక్కనుంచి దారి చేసుకుని, దుమ్మునీ బూజునీ వెంటబెట్టుకుని మళ్లీ గదిలోకే వచ్చింది. అంటే నెలన్నరగా రోజుకి రెండుసార్లు, చెల్లి పడుకునే పరుపు మీద, దాని ముఖం ఎదురుగా.

బట్టలు తీసుకోలేదు. ఆ ఫిల్టరు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. వార్డు బయట వరండాలో అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నాన్న కూడా అప్పుడే వచ్చాడు. మా వాకిటి ఆడవాళ్లు ఇద్దరు ఉన్నారు.

"దీనికి గంజి పెట్టావా?" అన్నాను.

అమ్మ ఒక్క క్షణం నా చేతిలోది చూసి, "పెట్టేనే. దుమ్ము దాటకుండా ఉంతాదని" అంది. ఆ ముఖంలో ఇంకా ఎక్కడో, మంచి పని చేశానన్న నమ్మకం ఉంది. అది చూసేసరికి నా ఒళ్లు మండిపోయింది.

"దాని ఊపిరి తీసేస్తున్నది నువ్వేనమ్మా. దుమ్ము కాదు, చలి కాదు, నువ్వు. నీ గంజితో నువ్వే దాన్ని చంపేస్తున్నావు. నీ దగ్గరుంటే అది బతకదు."

వరండా అంతా వినపడేలా అన్నాను. నాన్న "నోర్ముయ్యే" అని చెయ్యెత్తి, కొట్టకుండానే దించేశాడు. నేను అమ్మకి గంజి పెట్టొద్దని చెప్పలేదన్న సంగతి అప్పుడు నాకు గుర్తు రాలేదు. వచ్చినా ఒప్పుకునేదాన్ని కాదు. పదహారేళ్లకి మనిషి అంత న్యాయంగా ఉండదు, నేను అసలే ఉండను.

అమ్మ ఏడవలేదు. నా చేతిలోంచి ఫిల్టరు తీసుకుని, వాసన చూసి, కొంగులో ముడేసుకుంది. నాన్నతో అంది. "మీ అప్పకి ఉత్తరం రాసీండి. గుంటని పంపీద్దాం."

అప్పటిదాకా పంపనని పట్టుబట్టింది అమ్మ ఒక్కతే. ఆ ఒక్కతే వదిలేశాక ఇంక ఎవరూ అడ్డు లేరు. నా పరీక్షలు అవ్వగానే నాన్న చెల్లిని తీసుకెళ్లి దిగబెట్టి వచ్చాడు. వానలు తగ్గేదాకా అన్నారు. తర్వాత అక్కడి స్కూల్లో చేర్పించారు. తర్వాత ఒక ఏడు, ఇంకో ఏడు.

తొండానికి కొత్త ఫిల్టరు నేనే చేశాను. కంపెనీది ఎక్కడా దొరకలేదు. ఖిదిర్‌పూర్ బజారులో ఓడల సరుకు అమ్మే దుకాణాలన్నీ తిరిగాను, వాళ్లు నవ్వారు. చివరికి పాత ఫిల్టరు విప్పి దాని కొలతతో కాగితం కత్తిరించి, గుడ్డలు మార్చి మార్చి కుట్టాను. మల్లుగుడ్డ పెడితే దుమ్ము దాటిపోయింది. నాన్న ఖాకీ పెడితే మెషీన్ మూలిగింది. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత ఫ్లానెల్ చివరికి కుదిరింది. ఎందుకు చేశానో నాకే తెలియదు. దుమ్ము పడనివాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ తొండం ముట్టుకోవడం మానేసింది. నేను ఫిల్టరు కడుగుతుంటే అమ్మ పక్కనుంచి కుళాయికి వెళ్లేది, అటు చూసేది కాదు. నాతో మాట్లాడేది, అన్నం పెట్టేది, జడ వేసేది. కూనిరాగం మాత్రం మళ్లీ వినపడలేదు.

మూడో నెలలో చెల్లి నుంచి ఉత్తరం వచ్చింది. సొంత చేతిరాత. పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు. నాన్న డ్యూటీలో ఉన్నాడు. అమ్మకి ఏ భాషా చదవడం రాదు. నాకు మూడు భాషలు వచ్చు, ఆ ఉత్తరం రాదు. ఇద్దరం దాన్ని చెరో వైపూ పట్టుకుని నాన్న వచ్చేదాకా అలాగే చూస్తూ కూర్చున్నాం. 'అప్పా' అన్న మాట ఎక్కడుందో కూడా నేను పోల్చుకోలేకపోయాను. ఆ సిగ్గుతోనే నాన్న దగ్గర తెలుగు నేర్చుకున్నాను. వానాకాలం అయ్యేసరికి చెల్లి ఉత్తరాలు అమ్మకి నేనే చదివి వినిపించేదాన్ని. చెట్టు ఎక్కానని రాసేది. పరుగు పందెంలో రెండోదాన్నయ్యానని రాసేది. అమ్మ ఆ పరుగు పందెం ముక్క మళ్లీ చదవమనేది, మళ్లీ మళ్లీ.

నాలుగేళ్ల తర్వాత వేసవి సెలవులకి చెల్లి మొదటిసారి కలకత్తా వచ్చింది. పన్నెండు దాటి, పొడుగైపోయింది. అది రావడానికి మూడు రోజుల ముందు అమ్మ నా దగ్గరకి వచ్చి, "ఆ తొండం ఎలా పట్టాలో సూపించు" అంది. చూపించాను. అమ్మ ఫిల్టరుని చల్లటి నీళ్లలో నాలుగుసార్లు జాడించి, ఆరేసి, ఒక రోజు కాదు, రెండు రోజులు ఉంచింది. గోడలు, ఇనప్పెట్టెల అడుగులు, తలుపు సందులు, అన్నీ తనే చేసింది. నన్ను ముట్టుకోనివ్వలేదు.

చెల్లి పది రోజులు ఉంది. ఆ పది రోజులూ దానికి ఒక్కసారి కూడా ఆయాసం రాలేదు. అవే లారీలు, అవే బొగ్గు పొయ్యిలు. హాయిగా పడుకుంది, వాకిట్లో పిల్లలతో ఎగిరింది, నాన్నకి మళ్లీ కోర్టు పెట్టింది. మేం ముగ్గురం దాని ఊపిరి వింటూ మురిసిపోయాం. మురిసిపోతూనే, అయిదో రోజుకో ఆరో రోజుకో, నేనూ అమ్మా ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశాం. ఆ గుడ్డని ఆ రోజుల్లో ఇలా ఉంచి ఉంటే, అన్న మాట ఇద్దరి మనసులోనూ ఉంది. పెరిగి బలపడింది కనుక తట్టుకుందని సర్దిచెప్పుకున్నాను. కావచ్చు. డాక్టర్లు కూడా అలాగే అంటారు. నాకు నమ్మకం కుదరలేదు.

బయల్దేరే ముందు రోజు నాన్న ఉండబట్టలేక అడిగాడు. "ఇక్కడే ఉండిపోతావేటి మా? ఇప్పుడు బాగుంది కదా."

అమ్మ చేతిలో చీర అలాగే ఆగిపోయింది.

చెల్లి ఏమీ ఆలోచించలేదు. "ఎలా కుదురుతాది నానా, స్కూలు తెరిచీస్తారు కదా. అత్తమ్మ ఒక్కర్తీ ఉంది, నాకోసం సూత్తాది" అంది. అని, మా ముగ్గురినీ చూసి, "మల్లీ సెలవులకి వత్తానుగా" అని మమ్మల్నే ఓదార్చింది.

మర్నాడు హౌరాలో రైలెక్కించాం. నాన్న దానితో వెళ్లాడు. రైలు వెళ్లిపోయాక నేనూ అమ్మా బస్సుకి వెళ్లకుండా స్టేషన్ ఎదురుగా రేవులో లాంచీ ఎక్కాం. మధ్యాహ్నపు ఎండ, జనం లేరు. అమ్మ రెయిలింగ్ పట్టుకుని నీళ్లకేసి చూస్తోంది. నాలుగేళ్లుగా గొంతులో ఉన్నది అప్పుడు బయటికి వచ్చింది.

"అమ్మా, ఆ రోజు ఆసుపత్రిలో నేను అలా అనకుండా ఉండాల్సింది. గంజి పెట్టొద్దని నీకు చెప్పనిది నేనే. తప్పు నాది."

లాంచీ నది మధ్యకి వచ్చింది.

"నువ్వా మాట అనకపోతే నేను దాన్ని పంపీదాన్ని కాను. పంపబట్టే అది ఇవాళ పరిగెడతంది. ఆ మాటకి మంచే అయ్యింది" అంది. నేను ఊపిరి పీల్చుకోబోయాను. అమ్మ నావైపు తిరిగింది.

"అయినా సరే, నువ్వా మాట అనకుండా ఉండాల్సిందే. నేను దానికి అమ్మని."

"అవునమ్మా" అన్నాను.

అవతలి రేవు దాకా ఇద్దరం ఆ రెయిలింగ్ దగ్గరే నిలబడ్డాం. అమ్మ నా మీద కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండునని నేను ఏడ్చాను, అమ్మ తన కొంగుతో నా ముఖం తుడిచింది.